గద్దకొండ మంచెకు కళ్ళు మా అమ్మవి

మా నాన్న పేరు బోర్డు మీద రాయిస్తామంటే వద్దన్న కూతుర్ని నేను. విన్నవాళ్ళకి ఇది ఒళ్ళు కొవ్వుగానే కనిపించింది. మా అన్న రెండు నెలలుగా నాతో మాటాడడం లేదు. మా వీధిలో ఒకావిడ నా ముఖం మీదే, "పుస్తకాలు ఎక్కువ సదివితే ఇలాగే అవుతాది" అంది. నేను బడిలో చదివింది అయిదో తరగతి దాకా. మిగతా చదువంతా బొబ్బిలి శాఖా గ్రంథాలయంలో, కుట్టుమిషను పని అయ్యాక సాయంత్రాలు, బల్ల చివర కూర్చుని చదువుకున్నది. దాని గురించి నాకు సిగ్గు లేదు. ఎక్కువ చదివినందుకే ఇలా అయ్యాను అంటే, సరే, ఇలాగే ఉంటాను.

సంగతి ఇలా మొదలైంది. ఒక ఉదయం మా ఇంటి ముందు అటవీశాఖ జీపు ఆగింది. కుర్ర ఆఫీసరు, వేరే జిల్లా అబ్బాయి, చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకుని దిగాడు. నన్ను మామ్మగారూ అన్నాడు. గద్దకొండ మీద పాత మంచె ఉంది కదా, మంటలు కనిపెట్టడానికి కట్టినది, దాన్ని బాగు చేయిస్తున్నాం, కొత్త మెట్లు వేయిస్తున్నాం, ఆదివారాలు జనం వచ్చి ఎక్కి చూసి వెళ్తారు అన్నాడు. కవర్లోంచి పసుపుపచ్చబడిన కాగితం తీశాడు. ఇంగ్లీషులో టైపు చేసిన మెచ్చుకోలు పత్రం. పాత దస్త్రాల్లో దొరికిందట. నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్న ఇంగ్లీషు నాది, అయినా నిదానంగా చదివాను. అగ్గి కాపలాదారు సన్యాసి తన చురుకైన చూపుతో వెదురు అడవిని కాపాడినందుకు మెచ్చుకుంటున్నాము అని ఉంది. కింద అప్పటి రేంజి ఆఫీసరు సంతకం. "మీ నాన్నగారి పేరు బోర్డు మీద పెట్టాలని నా కోరిక" అన్నాడు ఆ అబ్బాయి. నాకు నవ్వొచ్చింది. ఆ కాగితం రాసేనాటికి మా నాన్నకి పది గజాల దూరంలో ఉన్నది మేకో మనిషో తెలిసేది కాదు.

గద్దకొండ మంచె అంటే నాలుగు ఇనప కాళ్ళు, పైన చెక్క గది, నాలుగు వైపులా కిటికీలు, రేకు కప్పు. అంతకు ముందు అక్కడ కర్ర మంచె ఉండేదనీ, చెదలు తినేస్తే తెల్లదొరలు ఇనుముతో కట్టించారనీ పెద్దలు చెప్పుకునేవారు. శివరాత్రి వెళ్ళగానే మేం ముగ్గురం, అమ్మా నాన్నా నేనూ, కుండలు, చాపలు, చోళ్ళ మూట, అంటే రాగులు, నెత్తిన పెట్టుకుని కొండెక్కేవాళ్ళం. తొలకరి పడేదాకా మంచె కింద తాటాకు గుడిసెలో కాపురం. అన్న దిగువ పల్లెలో నాయనమ్మ దగ్గరుండి బడికి వెళ్ళేవాడు. అందుకే అతనికి ఆ కొండ సంగతులు సగమే తెలుసు. మిగతా సగం గురించే మా ఇద్దరికీ తగాదా.

పొద్దున్న లేవగానే వచ్చే వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. రాత్రి మంచుకు తడిసిన రేకు వాసన, ఇప్పపూల తీపి వాసన, వాటి మధ్యలోంచి అమ్మ కాల్చే ఎండుచేప వాసన. ఆ చేపలు భావనపాడు సముద్రం వైపు నుంచి సంతకు వచ్చేవి. ఒక్క చేప ముక్కతో ముగ్గురం చోడంబలి తాగేవాళ్ళం. పొయ్యికి పెద్ద నియమం ఉండేది. నిప్పు కాపలా కాసేవాడి ఇంట్లోనే నిప్పు రేగితే అంతకంటే నామర్దా ఉండదు కదా. అందుకని మోకాలు లోతు గోతిలో పొయ్యి, చుట్టూ పది బారల మేర గడ్డి చెక్కేసిన నేల, పక్కన ఎప్పుడూ నిండు నీళ్ళకుండ. వంటవగానే అమ్మ పొయ్యి మీద నీళ్ళు చల్లి, చేత్తో బూడిద కెలికి, చల్లబడిందని తేలాకే లేచేది. నీళ్ళు అరకోసు దిగువ ఊటనుంచి మోసుకొచ్చినవి. తాగడానికి తడుముకునే రోజుల్లో కూడా బూడిదకు ఆ నీళ్ళు తప్పేవి కావు.

అమ్మ పేరు అప్పలనర్సమ్మ. మా వైపు ఆ తరం ఆడవాళ్ళలో చాలామందిలాగే ఆమె అడ్డపొగ తాగేది. అంటే చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని తాగడం. చూడనివాళ్ళకి ఇది నమ్మశక్యంగా ఉండదు. గాలికి ఆరదు, రవ్వ కింద పడదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. చివరికి ఆ అడ్డపొగే ఆమె అంగిలిని తినేసింది, అది కూడా రాయాలి. కానీ ఎండిన అడవి నడుమ, నిప్పురవ్వను నోట్లో మూసి పెట్టుకుని పొగ కోసం కళ్ళు కాసిన మనిషి మా అమ్మ. ఆ తర్వాత మంచెల గురించి నేను చదివిన ఏ పుస్తకంలోనూ అలాంటి మనిషి కనిపించలేదు.

చాలానే చదివాను. పెద్ద అడవులున్న దేశాల్లో ఇలాంటి మంచెలు వేలకొద్దీ ఉండేవట. గది మధ్యలో గుండ్రటి బల్ల, దాని మీద పటం, చుట్టూ తిరిగే ఇత్తడి చట్రం. దాని సందులోంచి పొగను గురి చూస్తే దిక్కు తెలుస్తుంది. రెండు మంచెల మీది మనుషులు చెప్పిన దిక్కులు పటం మీద గీస్తే, గీతలు కలిసిన చోట మంట. పిడుగులు పడేటప్పుడు, ఒంట్లోకి పాకకుండా, కాళ్ళకు గాజు గుబ్బలు బిగించిన పీట ఎక్కి కూర్చునేవారట. ఆ దేశాల్లో ఒకచోట ఆడమనిషిని కాపలాకు పెడితే, ఒంటరితనానికి భయపడి వారంలో దిగిపోతుందని మగవాళ్ళు ఎగతాళి చేశారట. ఆవిడ ఏళ్ళ తరబడి దిగలేదు. అది చదివిన రోజు నేను పుస్తకం మూసి, గ్రంథాలయం అరుగు మీద కాసేపు కూర్చుండిపోయాను. అక్కడి ఆవిడ పేరు పుస్తకంలో ఉంది. మా అమ్మ పేరు ఎక్కడుంది?

మా మంచెలో ఇత్తడి చట్రాలు లేవు. మా నాన్న తుడుము ఉండేది. పెళ్ళిళ్ళకు కర్రలతో వాయించే తోలు తుడుమే. పొగ కనిపిస్తే కొండను బట్టి దెబ్బలు. తాబేటికొండకి ఒకటి, జంటరాళ్ళకి రెండు, వెదురుమెట్టకి మూడు, అలా ఎనిమిది దాకా. కొండ కింద పాకలో మంటలార్పే కూలీలు ఉండేవారు. దెబ్బలు లెక్కపెట్టుకుని, పచ్చి కొమ్మలూ కత్తులూ పట్టుకుని అటు పరిగెత్తేవారు.

ఒక ఏడు నాన్న తెల్లవారగానే రెండు దెబ్బలు కొట్టాడు. కూలీలు రెండు కోసులు పరిగెత్తి వెళ్ళారు. జంటరాళ్ళ లోయలో పొగమంచు లేస్తోంది, అంతే. తిరిగొచ్చి మంచె కింద నిలబడి వాళ్ళు తిట్టిన తిట్లు నేను మొదటిసారి విన్నవి. "మంచుకి నిప్పంటుకుందేటి మావా?" అని ఒకడు, "ఈసారి మబ్బు కనపడితే కూడా కొట్టు, ఎల్లి ఆర్పొస్తాం" అని ఇంకొకడు. నాన్న నవ్వి ఊరుకున్నాడు. అమ్మ నవ్వలేదు. వాళ్ళు వెళ్ళాక చెట్టు కింద కట్టిన మేకను చూపించి, "అదేటి?" అంది. నాన్న చాలాసేపు చూసి, "గుంట కూకున్నాది కదా" అన్నాడు. గుంట అంటే నేను. నేను ఆయన వెనకాలే ఉన్నాను.

అమ్మ ఏడవలేదు, అరవలేదు. మర్నాటి నుంచి గోతిపొయ్యి పని తెల్లారకముందే ముగించి, మంచె ఎక్కేది. నాన్న గదిలో తుడుము ముందేసుకుని కూర్చునేవాడు. అమ్మ చూసేది, నాన్న కొట్టేవాడు. కింద వాళ్ళకి దెబ్బలే వినిపించేవి.

అమ్మ చూపు గురించి చెప్పాలి. ఆమె పొగను చూసి అది ఏ వంటింటిదో చెప్పినట్టు చెప్పేది. ఇప్పచెట్ల కింద పూలేరుకోవడానికి ఆకులు కాలిస్తే నీలంగా, చిన్న చిన్న పోగుల్లా, పొద్దున్నపూటే లేస్తుంది. పోడు పొగ నల్లగా, లావుగా లేచి ఉన్నచోటే నిలబడుతుంది. గూడేల్లోని సవరలు సాగు కోసం కొండవాలు నరికి, ఎండబెట్టి, చుట్టూ ఆకు అలము లేకుండా గీత చెక్కి, గాలి పడిపోయాక అంటిస్తారు. భయపడాల్సింది ఎండుగడ్డి పొగకు. సన్నగా, తెల్లగా, ఉందా లేదా అన్నట్టుంటుంది. "అది నడుస్తాది" అనేది అమ్మ. మంచెకు ఎదురుగా ఉన్న గూడేల ఆడవాళ్ళు అప్పుడప్పుడు కొండచీపుళ్ళు పట్టుకొచ్చి, అమ్మ పక్కన కూర్చుని అడ్డపొగ తాగి, నాలుగు మాటలు చెప్పుకుని వెళ్ళేవారు. కాలక్షేపానికి వస్తున్నారనుకునేదాన్ని.

రెండేళ్ళు ఇలా గడిచాక కొత్త రేంజి ఆఫీసరు వచ్చాడు. సన్యాసికి చూపు లేదని ఎవరో చేరవేశారు. మిట్టమధ్యాహ్నం, మెడలో దుర్భిణితో మంచె ఎక్కాడు. నేను గదిలో మూల ఒదిగి ఉన్నాను. అమ్మ అంబలి పట్టుకురావడానికి అప్పుడే కిందికి దిగింది. ఆఫీసరు నాన్నను కిటికీ దగ్గర నిలబెట్టి, "పొగ ఎక్కడైనా కనబడుతోందా?" అన్నాడు. నాన్న చెయ్యి కిటికీ కర్రను పట్టుకుంది. "తూర్పున ఏముంది? అది కూడా చెప్పలేవా?" ఆ గొంతు కిందికి వినిపించినట్టుంది. నిచ్చెన మెట్లు దడదడలాడాయి. అమ్మ వచ్చింది. నోట్లో చుట్ట అలాగే ఉంది.

ఆఫీసరు అదిరిపడ్డాడు. "మంటల మంచె మీద చుట్టా!"

అమ్మ చుట్ట తీసి చూపించింది. "నిప్పు నా నోట్లో ఉన్నాది బాబూ. అడవిలో పడనేదు. అడవిలో ఉన్న నిప్పు సంగతి సూడండి ముందు."

"నువ్వెవరు?"

"ఈయన పెళ్ళాన్ని. ఈ మంచెకి కళ్ళు నావి. సేతులు ఈయనవి. రెండేళ్ళయి ఒక్క కొండ తప్పు సెప్పినామేమో కింద కూలీల్ని అడగండి. పని తీసేస్తారా, తీసీండి. రేపు తీసీండి. ఇవాళ అటు సూడండి."

రెండు పొగలున్నాయి. తాబేటికొండ మీద నల్లటి స్తంభంలా ఒకటి. వెదురుమెట్ట పక్కన ఇంకొకటి, నాకైతే మొదట కనిపించనే లేదు. ఆఫీసరు దుర్భిణి నల్లదాని మీద పెట్టాడు. కూలీలందరినీ అటు పంపమన్నాడు.

"అది పోడు బాబూ. నరికిన సెట్ల పొగ. సుట్టూ గీతున్నాది, ఎక్కడికీ పోదు. ఈ సన్నదాన్ని సూడండి. నడుస్తన్నాది."

"నీకెలా తెలుసు గీత ఉందని?"

"తెలుసు."

అంతే చెప్పింది. ఆయన దుర్భిణి సన్న పొగ వైపు తిప్పి చాలాసేపు చూశాడు. గదిలో నాన్న ఊపిరి నాకు వినిపిస్తోంది. చివరికి ఆయన దుర్భిణి దించి, నాన్నతో "కొట్టు" అన్నాడు. నాన్న ముఖం ఆఫీసరు వైపు తిరగలేదు. అమ్మ ఉన్న వైపు తిరిగింది. "ఎన్ని?" అన్నాడు.

"మూడు."

ఆ మూడు దెబ్బలు నాన్న కొట్టిన తీరు నేను మరిచిపోలేను. తుడుము తోలు చిరిగిపోతుందేమో అనిపించింది. కూలీలు వెళ్ళేసరికి గడ్డి మంట వెదుర్లకు నూరు బారల దూరంలో ఉందట. వెదురుకు అంటుకుని ఉంటే కణుపులు టపాకాయల్లా పేలుతూ కొండంతా పోయేది. ఆ సాయంత్రానికి ఆర్పేశారు. తాబేటికొండ మీది పోడు తన గీతలో తాను కాలి చల్లారింది.

ఆయన వెళ్ళిపోయాక నాన్న, "నన్ను పదిమందిలో గుడ్డోన్ని సేసీసినావు కదే" అన్నాడు. "పదిమందెక్కడ? ఆయనొక్కడే" అంది అమ్మ. నాన్న ఆ పూట అంబలి ముట్టలేదు. అమ్మ బతిమాలలేదు. మర్నాడు పొద్దున్న అమ్మ మంచె ఎక్కుతుంటే నాన్న అప్పటికే పైన కూర్చుని తోలు బిగిస్తున్నాడు.

వారం తర్వాత ఆఫీసరు మళ్ళీ వచ్చాడు, ఆ కాగితం పట్టుకుని. మంచివాడే, ఆ మాట కూడా రాయాలి. "నీ పేరు రాయాలనే ఉందమ్మా. రాస్తే ఇతని కళ్ళ సంగతి రాయాలి. అప్పుడు ఇతనికి పనుండదు, నాకు సంజాయిషీ" అన్నాడు. "నా పేరెందుకు బాబూ, ఆయన పని ఉంచండి" అంది అమ్మ. ఇంకా మూడు వేసవులు మేం ఆ కొండ మీదే ఉన్నాం.

ఇదంతా ఆ కుర్ర ఆఫీసరుకి చెప్పాను. అతను తన ఫోను తీసి చూపించాడు. ఆకాశంలో తిరిగే యంత్రం మంటను చూసి పటం మీద ఎర్ర చుక్క పెడుతుందట. మంచెలతో ఇప్పుడు పని లేదు అన్నాడు. చూశాను. గొప్ప సంగతే. మా అమ్మకి కొండ వెనక ఏముందో కనిపించేది కాదు, దీనికి కనిపిస్తుంది. "ఈ చుక్క పోడా, గడ్డి మంటా?" అని అడిగాను. "అది చెప్పదు మామ్మగారూ. మనిషి వెళ్ళి చూడాలి" అన్నాడు. "మరి మనిషితో పని లేదన్నావు?" అన్నాను. నవ్వాడు. కానీ అమ్మ పేరు విషయం వచ్చేసరికి, దస్త్రంలో ఆధారం లేనిది బోర్డు మీద రాయలేం అన్నాడు. అలాగైతే నాన్న పేరు కూడా వద్దన్నాను.

ఆ రాత్రికే అన్న ఫోను, ఆఫీసరు అతనికీ చెప్పాడట. "ఒసే, నీకేటైనా పిచ్చా? నాన్న గుడ్డోడని బోర్డు మీద రాయిస్తావేటే?"

"గుడ్డోడని కాదు. ఇద్దరూ కాసినారని."

"గుడ్డోడు కాకపోతే ఇద్దరెందుకు అని అడగరేటి జనం? సచ్చిపోయిన మనిషి పరువు తీస్తావా? అమ్మే పేరొద్దన్నాది కదా, నువ్వే సెప్పినావు!"

"అమ్మ వద్దన్నది పేరు కాదన్నా. నాన్న పని పోవడం వద్దన్నది. ఇప్పుడు పనీ లేదు, నాన్నా లేడు. ఇంకెవరి కోసం దాచాలి?"

ఫోను పెట్టేశాడు.

నేను వద్దన్నా బోర్డు తయారైంది. పైవాళ్ళు ఒప్పేసుకున్నారట. ప్రారంభానికి కుటుంబం తరఫున నన్నూ అన్ననూ పిలిచారు. వెళ్ళాను. బోర్డు మీద పసుపు గుడ్డ కప్పి, నాలుగు మూలలా కట్టి ఉంచారు. గుడ్డ తీయమని నన్నే పిలిచారు. నేను దాని ముందు నిలబడి, "ఇందులో సగమే ఉంది. సగం నిజం మీద గుడ్డ నేను తీయను" అన్నాను. అక్కడినుంచి కదలలేదు. ఎండ మండిపోతోంది. అన్న పళ్ళ బిగువున, "కానీయే, అందరూ సూస్తన్నారు" అన్నాడు. సూడనీ అన్నాను.

అప్పుడు వెనకనుంచి ఒక ముసలామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. పేరు సుక్కమ్మ, ఎదురు కొండ సవర గూడెం మనిషి. నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. "ఎవులి పేరు రాసినారు?" అని అడిగింది. సన్యాసి అని చెప్పారు. "ఆడు కొట్టేవోడు. సూసింది ఆడది కదా" అంది, అందరికీ తెలిసిన సంగతి చెబుతున్నట్టు. "మా గూడేలన్నింటికీ తెలుసు. పోడు కాల్సేముందు మా అమ్మలొచ్చి ఆమెకి సెప్పీవోరు, రేపు పలానా వాలు కాలుస్తాం, గీత సేసినాం అని. సెప్పకుండా ఒక్క పుల్ల అంటించనేదు. ఎవులం కాల్సినామో ఆమె ఎవులికీ సెప్పనేదు, మమ్మల్ని పట్టించనేదు. ఆడికి కళ్ళు కనపడవని మేమూ ఎవులికీ సెప్పనేదు." అన్న వైపు తిరిగి, "నువ్వు ఆడి కొడుకువా? మీ అయ్య దెబ్బ మంచిది" అంది.

అడ్డపొగ తాగి వెళ్ళే ఆడవాళ్ళు దేనికొచ్చేవారో నాకు ఇన్నేళ్ళకు తెలిసింది. గీత ఉందని ఎలా తెలుసు అని ఆఫీసరు అడిగితే అమ్మ ఒక్కమాటతో ఎందుకు ఆగిందో కూడా. ఆ రోజుల్లో పోడు నేరం. ఎవరు చెప్పారో నోరు జారితే గూడెం గూడెం కేసుల్లో పడేది. మా అన్న యాభై ఏళ్ళుగా కాపాడుతున్న పరువు సంగతి కొండలన్నిటికీ ముందే తెలుసు. కొండలే దాచిపెట్టాయి. ఇంట్లోవాళ్ళం మేమే దాచుతున్నామనుకున్నాం.

కుర్ర ఆఫీసరు సుక్కమ్మ చెప్పినదంతా కాగితం మీద రాసుకుని, ఆమెచేత వేలిముద్ర వేయించుకున్నాడు. పైకి పంపుతాను, అనుమతి రావాలి అన్నాడు. రానీ అన్నాను. వచ్చేదాకా ఆ గుడ్డ తీయడానికి వీల్లేదన్నాను. అతను ఒప్పుకున్నాడు. ప్రారంభం ఆగిపోయింది. పంచిన మజ్జిగ తాగి, జనం నన్ను తిట్టుకుంటూ దిగిపోయారు.

అనుమతి ఇంకా రాలేదు. పదిహేను రోజులకోసారి బస్సెక్కి, ఆటో మారి, మోకాళ్ళు పట్టుకుని గద్దకొండ ఎక్కి చూసొస్తున్నాను. ఎవరైనా ఆత్రంగా గుడ్డ లాగేస్తారేమోనని నా భయం. ఎన్నాళ్ళు తిరుగుతావని అడుగుతున్నారు. కాళ్ళున్నన్నాళ్ళు. మొన్నటిసారి బస్టాండులో అన్న కనిపించాడు. నాతో మాటాడకుండా అదే బస్సు ఎక్కి, ముందు సీట్లో కూర్చున్నాడు. కొండ కూడా నాకంటే ముందే ఎక్కాడు. నేను రొప్పుతూ పైకి చేరేసరికి బోర్డు దగ్గర నిలబడి ఉన్నాడు. గాలికి గుడ్డ ఒక మూల ఊడి కొట్టుకుంటోంది. నాన్న పేరులో మొదటి అక్షరం బయటపడి ఉంది. అన్న దాన్ని కాసేపు చూశాడు. తర్వాత గుడ్డ మూల లాగి అక్షరం మీద కప్పి, తాడు రెండు చుట్లు తిప్పి, గట్టిగా ముడి వేశాడు.